మందుచీటీలో రాయని అవసరాలు

(అనంతపురంలో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల సిబ్బంది, నర్సింగ్ విద్యార్థినులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినవాళ్లు ఇచ్చిన అంశం "వైద్య విద్య - రోగుల సామాజిక అవసరాలు - డిజైన్ థింకింగ్". పేరు పెద్దదిగా ఉంది గానీ విషయం ఇక్కడ కూర్చున్న అందరికీ తెలిసిందే. ఆస్పత్రిలో చీటీ రాసిచ్చాక, ఆ చీటీ పట్టుకుని ఇంటికి పోయిన మనిషికి ఏమవుతుంది? దాన్ని తెలుసుకోవడం, దాని గురించి ఏదైనా చెయ్యడం డాక్టరు కాబోయే, నర్సు కాబోయే పిల్లలకు నేర్పగలమా? నేర్పితే ఎట్లా నేర్పాలి? నేను ఈ జిల్లాలో చాలా ఏళ్లుగా నర్సింగ్ పిల్లలకు సమాజ ఆరోగ్యం పాఠం చెబుతున్నదాన్ని కాబట్టి ఆ అనుభవంలోంచే మాట్లాడతాను.

మొదట ఒక మాట గురించి చెప్పాలి. కేసు షీట్లలో తరచుగా కనిపించే మాట "రోగి సహకరించడం లేదు" అనేది. మందులు సరిగా వేసుకోలేదు, చెప్పిన రోజుకి రాలేదు, స్కానింగు చేయించుకోలేదు. వీటన్నిటికీ కలిపి ఒకే తీర్పు. ఆ తీర్పు ఎక్కువగా ఎవరి మీద పడుతుందో గమనించండి. మా విద్యార్థినులను ఒకసారి కొన్ని పాత కేసు షీట్లు తీసి, ఈ మాట రాసిన చోటల్లా ఆ రోగి ఎవరు, ఏ ఊరు, ఏం పని చేస్తుంది అని పక్కన రాయమన్నాను. రాస్తూ రాస్తూ వాళ్లే నిశ్శబ్దమైపోయారు. ఆ పేర్లలో కూలికి పోయే ఆడవాళ్లు, బస్సు సరిగా రాని ఊళ్లవాళ్లు, ఎస్.సి. కాలనీలవాళ్లు, తండాలవాళ్లు కనిపించారు. సహకరించనిది రోగా, ఆస్పత్రా అన్న ప్రశ్న అక్కడే మొదలైంది.

మన జిల్లా సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పడమటి కనుమల వాననీడలో ఉన్న పీఠభూమి ఇది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన, అదీ పడవలసినప్పుడు పడదు. కొర్ర, ఆరిక, సజ్జ పండిన ఎర్ర నేలల్లో లక్షల హెక్టార్లు వేరుశనగ కిందికి పోయాయి. బోర్లు ఎండాయి. అప్పుల్లో రైతులు ప్రాణాలు తీసుకుంటే ఆ అప్పూ, పిల్లలూ, ముసలివాళ్లూ భార్యల నెత్తిన పడ్డారు. బెంగుళూరు కట్టడాల పనికి వలస. దేశమంతటికీ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారంటే, అందుకు కారణం ఈ కరువే. ఈ కరువు కేసు షీటులో ఎక్కడా ఉండదు. హిమోగ్లోబిన్ 7 అని ఉంటుంది. బరువు 38 కిలోలు అని ఉంటుంది. అది కరువు రాసిన అంకె అని చదవడం మనమే నేర్పాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన ఆలోచన అని ఎవరైనా చెబితే నమ్మకండి. స్వాతంత్య్రానికి ముందే, 1946లో, భోర్ కమిటీ మన దేశానికి కావలసింది సామాజిక వైద్యుడు అని చెప్పింది. వైద్య విద్యార్థికి నివారణ, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఉండాలని రాసింది. 1977లో వైద్య విద్యను పల్లె వైపు తిప్పాలని మరో పథకం వచ్చి, వైద్య కళాశాలలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో కలిపింది. 2019లో వైద్య విద్య నిబంధనలు మార్చి, రోగితో ఎట్లా మాట్లాడాలి, ఎట్లా గౌరవించాలి అన్నదాన్ని కూడా పాఠ్యాంశం చేశారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రతి ఎం.బి.బి.ఎస్. విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలంది. ఆ దత్తత అన్న మాట నాకు నచ్చదు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు వెళ్లి, నలుగురు బిడ్డల్ని కని, ఇద్దరిని పోగొట్టుకుని, పదెకరాల చేను ఒంటిచేత్తో చేసిన అవ్వను దత్తత తీసుకుంటాడట! తిప్పి చెబితే బాగుంటుంది, ఆ అవ్వే వాణ్ణి రెండేళ్లపాటు శిష్యుడిగా చేర్చుకుంటుందని. అయినా ఆ నియమం ఉన్నందువల్ల పిల్లలు ఊళ్లకు పోతున్నారు కాబట్టి దాన్ని మనం వాడుకోవాలి.

పోవడం ఒకటి, చూడడం ఒకటి. ఏళ్ల తరబడి మేం పిల్లలను ఊళ్లకు తీసుకుపోయాం. వాళ్లు నల్ల సంచీలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపారు. మరుగుదొడ్డి ఉందా, లేదు. పిల్లలకు టీకాలు వేశారా, వేశారు. తిరిగొచ్చి ఛార్టులు గీశారు. ఛార్టులో పరిష్కారం ఎప్పుడూ ఒకటే, "అవగాహన కల్పించవలెను". ఈ అవగాహన అన్న మాట మీద నాకు కోపం. ఏ సమస్యకైనా రోగికి తెలియకపోవడమే కారణం అని ముందే తేల్చేసుకునే పద్ధతి అది. ఛార్టు గీసినవాళ్ల అవగాహన గురించి అందులో ప్రశ్న ఉండదు.

డిజైన్ థింకింగ్ అనేది అమెరికాలో వస్తువులు తయారుచేసే నిపుణుల దగ్గర పుట్టి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల పాఠంగా మారి, అక్కణ్ణించి వైద్య విద్యలోకి వచ్చింది. ముందు వాడే మనిషి పక్కన కూర్చుని విను. తర్వాత అసలు సమస్య ఏమిటో మళ్లీ రాసుకో. ఎన్ని ఉపాయాలు తోస్తే అన్నీ పోగెయ్యి. వాటిలో ఒకదానికి చవకగా, తొందరగా ఒక నమూనా చెయ్యి. దాన్ని ఆ మనిషి చేతిలో పెట్టి చూడు, పనికిరాకపోతే పారేసి మళ్లీ మొదలుపెట్టు. ఇంతే. 90లలో స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసినవాళ్లకు ఇది వినగానే పి.ఆర్.ఎ. గుర్తొస్తుంది. నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించిన చేతులు ఇక్కడ చాలా ఉన్నాయి. తేడా ఒక్కటే. పి.ఆర్.ఎ.లో చాలాసార్లు పటం గీశాక నివేదిక రాసి ఆగిపోయాం. ఇందులో ఏదో ఒకటి చేసి చూపించాలి, అది పనిచెయ్యకపోతే ఒప్పుకోవాలి.

రెండో మెట్టు, సమస్యను మళ్లీ రాసుకోవడం, అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు 2007లో నెలలు నిండని పిల్లల కోసం చవక ఇంక్యుబేటరు చెయ్యమని పని ఇచ్చారు. వాళ్లు నేపాల్ పోయి చూస్తే ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగానే ఉన్నాయి, పిల్లలు దూరాన పల్లెల్లో, ఇళ్లల్లో పుడుతున్నారు. అప్పుడు వాళ్లు పని మార్చుకుని, కరెంటు లేని ఇంట్లో తల్లే వాడుకోగల చిన్న వెచ్చని సంచీ తయారుచేశారు. ఇంకా మనకు దగ్గరి ఉదాహరణ గడ్చిరోలి. రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు అక్కడి గోండు ప్రజలను పెద్ద ఆస్పత్రికి ఎందుకు రారని అడిగితే, ఆ కట్టడమే భయం, మా వాళ్లను మాతో ఉండనివ్వరు అన్నారు. దాంతో ఆస్పత్రిని గూడెంలాగా గుడిసెల వరసగా కట్టి, బంధువులు కూడా ఉండేట్టు చేసి, వాళ్ల దంతేశ్వరి తల్లి పేరే పెట్టారు. వాళ్లు దాన్ని డిజైన్ థింకింగ్ అన్న పేరుతో చెయ్యలేదు. ఆ రాణీ బంగ్ బృందమే 1989లో రెండు ఊళ్లలో 650 మంది స్త్రీలను పరీక్షించి, నూటికి 92 మందికి స్త్రీ సంబంధమైన వ్యాధులున్నాయని, అంతకుముందు పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమేనని ప్రచురించింది. ఆడవాళ్లను వాళ్ల బాధేమిటని అడిగితే బయటపడే నిజం అంత పెద్దది.

ఇక మా దగ్గర జరిగినదాన్ని కొంచెం వివరంగా చెబుతాను. ఆస్పత్రి పేరు, ఊరి పేరు అనవసరం. ఏ తాలూకా ఆస్పత్రికైనా సరిపోతుంది.

గర్భిణీ స్త్రీలు రక్తపరీక్షకు రక్తం ఇచ్చి, రిపోర్టు తీసుకోకుండా వెళ్లిపోతున్నారు. మళ్లీ నెల తర్వాత వస్తారు, మళ్లీ రక్తం తీస్తారు, మళ్లీ వెళ్లిపోతారు. రక్తం తక్కువుందని తెలిసేసరికి తొమ్మిదో నెల. రిజిస్టరులో రాసింది మామూలే, రోగి సహకరించడం లేదని. నలుగురు విద్యార్థినులను ఈ పని మీద పెట్టాను. షరతు ఒక్కటే, రెండు వారాలు ఏ సలహా ఇవ్వకూడదు, ఒక్కో గర్భిణీ వెంట ఆమె ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి తిరగాలి.

మొదటి రోజు వెళ్లిన అమ్మాయి తెల్లవారుజామున నాలుగున్నరకు ఆ ఇంట్లో ఉంది. ఆమె లేచి, కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి, సంగటి కెలికి, అత్తకూ భర్తకూ పిల్లకూ పెట్టి, తాను ఇంత టీ తాగి, రెండు కిలోమీటర్లు నడిచి బస్సెక్కింది. పదిన్నరకు ఓ.పి. చీటీ. పదకొండున్నరకు డాక్టరమ్మ. పన్నెండింటికి ల్యాబ్ ముందు వరస. రిపోర్టులు మూడింటికి ఇస్తారు. వాళ్ల ఊరికి బస్సు ఒంటిగంటన్నరకు ఉంది, అది తప్పితే చీకటి పడ్డాకే. ఆ అమ్మాయి మా షరతు మరచిపోయి "ఉండక్కా, రిపోర్టు తీసుకునే పోదువు" అందట. ఆమె నవ్వి "నువ్వు నా బిడ్డకు బువ్వ పెడతావా మా?" అందట. ఈ వాక్యాన్ని ఆ పిల్ల పుస్తకంలో రాసుకొచ్చింది. నేను దిద్దే నోటుపుస్తకాల్లో ఇంతకన్నా మంచి పరిశీలన నాకు కనబడలేదు.

అందరి రోజులనూ గడియారంలాగా ముగ్గుపిండితో నేల మీద గీశారు. గీసిన ప్రతి గుండ్రంలోనూ ఒంటిగంటన్నర దగ్గర ఒకే గీత వచ్చింది. అప్పటిదాకా "గర్భిణీలకు పరీక్షల ప్రాముఖ్యం తెలియదు" అని ఉన్న సమస్యను పిల్లలు కొట్టేసి "రిపోర్టు బస్సుకన్నా ఆలస్యంగా వస్తోంది" అని రాసుకున్నారు.

తర్వాత ఉపాయాలు. మొదటిది, బస్సు వేళల బోర్డు ఆస్పత్రిలో పెట్టాలని. ఆడవాళ్లు చూసి, మాకు బస్సు వేళలు తెలుసు, ఆస్పత్రికే తెలియదు అన్నారు. బోర్డు పోయింది. రెండోది, ఫోనుకు రిపోర్టు పంపాలని. ఈ కాలపు పిల్లలకు ఇది చాలా నచ్చింది. నమూనాగా ఒక కాగితం ఫోను చేసి చూపించారు. ఒకామె చాలాసేపు చూసి "ఆ ఫోను మా ఆయనది మా, నాది కాదు" అంది. గది నిశ్శబ్దమైంది. గర్భిణీకి చేసే పరీక్షల్లో హెచ్.ఐ.వి. ఉంది, సిఫిలిస్ ఉంది. ఆమెకన్నా ముందు ఆమె భర్తకో, మరిదికో ఆ ఫలితం అందితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఇక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు. ఎంతో తెలివైనదనిపించిన ఉపాయం ఒక స్త్రీని ఇంట్లోంచి గెంటించగలదు. ఆ ఒక్క మాటతో పిల్లలకు గోప్యత పాఠం అర్థమైనట్టు, నేను నాలుగు తరగతులు చెప్పినా అర్థం కాలేదు.

చివరికి నిలబడింది అతి మామూలు ఉపాయం. ఓ.పి. చీటీ ఇచ్చేటప్పుడే ఊరి పేరు అడిగి, దూరం ఊళ్లవాళ్లకు చీటీ మూలన రంగు గుర్తు వెయ్యడం, డాక్టరును చూడకముందే వాళ్ల రక్తం తీసుకోవడం, ఆ రిపోర్టులు పన్నెండున్నరకల్లా ఇవ్వడం. దీనికి డబ్బు ఖర్చు కాలేదు. ఖర్చయింది ఒప్పించడానికి. ల్యాబ్ టెక్నీషియన్లు మొదట కాదన్నారు. వాళ్లూ ఇద్దరే, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. వాళ్ల రోజును కూడా ముగ్గుతో గీశాకే మాట కుదిరింది. రిపోర్టు చేతిలో పట్టుకుని బస్సెక్కేవాళ్లు పెరిగారు. అయితే ఆ రిపోర్టులో రక్తం తక్కువ అని ఉన్నంత మాత్రాన రక్తం పెరగదు కదా.

అందుకే ఇక్కడ ఆగిపోకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో 60 శాతం. 20 నుంచి 24 ఏళ్లవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. చీటీ మూలన రంగు గుర్తు వేస్తే మారే అంకెలు కావు ఇవి. ఐరన్ మాత్ర పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుందని, అన్నం తిన్నాక వేసుకోమని, టీతో వేసుకోవద్దని, మలం నల్లగా పోతే భయపడొద్దని నర్సు చెప్పవచ్చు. చెప్పాలి కూడా. కానీ అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడమనిషికి "అన్నం తిన్నాక" అంటే ఎన్ని గంటలకు? మనం ఇన్నేళ్లుగా పితృస్వామ్యం అంటున్నది ఆ మాత్ర వేళలో ఉంది.

సామాజిక అవసరం అన్నది మందుకు తోడు చేసే దయ అని కొందరు డాక్టర్లకు ఇంకా అభిప్రాయం. దానికి జవాబుగా జార్ఖండ్‌లో జరిగిన ఒక అధ్యయనాన్ని నేను తరగతిలో తప్పకుండా చెబుతాను. మాధవి భార్గవ, అనురాగ్ భార్గవ బృందం అక్కడ 2,800 మంది క్షయ రోగుల ఇళ్లలో ఉన్న 10,345 మంది కుటుంబ సభ్యులతో పనిచేసింది. కొన్ని ఇళ్లలో కుటుంబ సభ్యులకు కూడా బియ్యం, పప్పు వంటి తిండి అందించారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ప్రచురించారు. టీకా గురించి ఇట్లాంటి వార్త వస్తే పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. తిండి గురించి వస్తే వేస్తాయా? క్షయ రోగులకు పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చే పథకం 2018లో వచ్చింది, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతా ఎవరి పేరున ఉంది, కార్డు ఎవరి జేబులో ఉంది అని అడగడం కూడా నర్సింగ్ పనే అని నేనంటాను. అనుమానమున్నవాళ్లు బత్తలపల్లి ఆర్.డి.టి. ఆస్పత్రి నుంచి వెలువడిన హెచ్.ఐ.వి. పరిశోధనలు చూడండి. రోగి సి.డి.4 లెక్కతోపాటు చదువు, కులం, పెళ్లి స్థితి కూడా నమోదు చేసి విశ్లేషించారు.

ఇప్పుడు నాకున్న భయం కూడా చెప్పాలి. నమూనా చేసి పరీక్షించడం అన్న మాట వినగానే తెలుగు నేల మీద పనిచేసిన ఆడవాళ్లకు పాత గాయాలు గుర్తుకు రావాలి. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షను ప్రయోగానికి పేద స్త్రీలను పోగుచేశారు. అది ప్రయోగమని వాళ్లకు సరిగా చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన స్త్రీలు వెళ్లి అడ్డుకుని, మరుసటి ఏడు మిగతా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ బాలికలతో సహా వేలమందికి హెచ్.పి.వి. టీకా వేసినప్పుడు, చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో అది ఆగింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. రంగు గుర్తు ఎవరినీ చంపదు, నిజమే. కానీ చిన్న పనిలోనే అలవాటు పడాలి. ఇది ప్రయత్నం మాత్రమే, వద్దంటే వద్దు, వద్దన్నందుకు మీ వైద్యం ఆగదు అని విద్యార్థి తెలుగులో, ఎదురుగా కూర్చుని చెప్పాలి.

ఇంకో చిక్కు. వినడం నేర్పితే పిల్లలు వింటారు, విన్నాక ఏం చెయ్యాలి? ఒక విద్యార్థిని ఐరన్ మాత్రల గురించి అడుగుతుంటే ఆ ఇల్లాలు చీర కొంగు తీసి వీపు చూపించింది. పందొమ్మిదేళ్ల ఆ పిల్ల రాత్రంతా నిద్రపోలేదు. దీనికి ముందే ఏర్పాటు ఉండాలి. 2005 గృహహింస చట్టం కింద బాధితురాలికి వైద్యం అందించడం ఆస్పత్రి బాధ్యత. రక్షణాధికారి ఎవరు, 181కి ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు, సఖి కేంద్రం ఎక్కడ ఉంది అన్నది విద్యార్థి ఊళ్లోకి పోకముందే ఆమె నోటుపుస్తకంలో ఉండాలి. ఆ స్త్రీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదన్నది కూడా.

కులం గురించి పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా ఉంటుంది. ఊళ్లో మాత్రం మొదటి అయిదు నిమిషాల్లోనే తేలిపోతుంది, కాలనీలో ఇచ్చిన చెంబు నీళ్లు ఎవరు తాగారు, ఎవరు "దప్పిక లేదు" అన్నారు అని. ఆ ఇంటివాళ్లు చూస్తూనే ఉంటారు. ఆ తర్వాత ఎన్ని ప్రశ్నలడిగినా పైపై జవాబులే వస్తాయి. నేను ఈ సంగతిని బస్సులో తిరిగొచ్చేటప్పుడే ఎత్తుతాను. కొందరు పిల్లలు ఏడుస్తారు, కొందరికి కోపం వస్తుంది. తల్లిదండ్రులు వచ్చి అడిగినవి కూడా ఉన్నాయి.

మహిళా సంఘాల నుంచి నాకు కావలసినవి కొన్ని ఉన్నాయి. విద్యార్థులను మీ సంఘాల సమావేశాల్లో వెనక కూర్చోనివ్వండి. వాళ్లు చేసిన నమూనాలను బాగుందో లేదో చెప్పే బృందంలో డాక్టర్లతో సమానంగా మీ సభ్యులు ముగ్గురు కూర్చోండి. ఆ రోజు వాళ్లకు కూలి ఇవ్వాలి. మాకు పాఠం చెప్పడానికి వచ్చే నిపుణులకు గౌరవ వేతనం, కారు ఇస్తాం. తన రోజును మాకు విప్పి చూపించిన ఆడమనిషికి ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి పంపుతున్నాం. కళాశాల లెక్కల్లో దానికి పద్దు లేదంటున్నారు. ఆ పద్దు కోసం నేను అర్జీ రాశాను. కింద మీ సంఘాల సంతకాలు కూడా ఉంటే బలంగా ఉంటుంది. కాగితం ఆ ముందు బల్ల మీద పెట్టాను, వేలిముద్రలకు ఇంకు డబ్బా కూడా తెచ్చాను.